పాత బొలెరోకి కొత్త డోర్ రబ్బర్లు: కొనేముందు లీకు ఎక్కడో పట్టుకోండి

ఫోన్ సిమ్ ట్రే బయటికి లాగితే దాని చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఒకటి కనిపిస్తుంది, చూశారా? బాక్సు మీద ఐపీ68 అని గొప్పగా రాసుకున్న ఫోన్ నీళ్లలో పడి కూడా బతుకుతోందంటే ఆ గొప్పతనం ప్రాసెసర్‌ది కాదు. ఆ రింగుది, స్క్రీన్ చుట్టూ పూసిన జిగురుది. అవి పాతబడితే రేటింగ్ కాగితం మీదే మిగులుతుంది. అందుకే రెండేళ్లు వాడిన ఫోన్‌ని స్విమ్మింగ్ పూల్‌లోకి తీసుకెళ్లొద్దంటాం.

ఈసారి అదే విషయం కాస్త పెద్ద డివైజ్ మీద చూద్దాం. బరువు టన్నున్నర పైనే. 2009 మోడల్ మహీంద్రా బొలెరో.

మాది అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, మధ్యలో దివిసీమని వదిలి సముద్రంలో కలుస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు వెళ్లేకొద్దీ వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు పెరుగుతాయి. నాన్న మేత బస్తాలు వేసుకుని రోజూ చెరువు గట్ల మీదికి తీసుకెళ్లేది ఈ బండినే. వానాకాలంలో ఆ గట్ల మీద మామూలు కారు రెండు రోజులు కూడా తిరగలేదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ బండి వాకిట్లోనే ఉంది. వాన తెరిపిచ్చాక తలుపు తీస్తే గుప్పుమని ముక్కవాసన. ఎడమవైపు ముందు సీటు దగ్గర కార్పెట్ మీద కాలు పెడితే పిండని బట్ట మీద అడుగేసినట్టు నీళ్లు ఊరాయి. కార్పెట్ ఎత్తి చూస్తే రేకంతా తుప్పు. ఒకచోట స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, లోపలికి దిగిపోయింది.

ఇక్కడే అసలు చిక్కు. సొంత వాహనానికి ఆర్‌సీ పదిహేనేళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అంటే మా బండికి 2024లోనే గడువు. ఫ్లోరు కన్నాలు పడిన బండిని ఎవరు పాస్ చేస్తారు? నాన్న అమ్మేద్దామన్నారు. చూడ్డానికొచ్చినాయన పాత ఇనుము రేటుకి అడిగాడు. "ఇంకో నెల ఆగండి నాన్నా, నేను చూస్తాను" అన్నాను. ఇంట్లో ఫోన్లు విప్పేది నేనే కాబట్టి బండి కూడా విప్పేయగలననే ధైర్యం.

నా తప్పు ముందే ఒప్పేసుకుంటాను. ఏ పరీక్షా చేయకుండా రబ్బరు కొనేశాను. మీరు అలా చేయొద్దని ఇదంతా రాస్తున్నాను.

తలుపుకి ఉండేది ఒక్క రబ్బరు కాదు

షాపులో "డోర్ రబ్బరు" అని అడిగితే ఏదైనా ఇవ్వొచ్చు. మనకి కావాల్సినదేదో మనకే తెలియాలి. తలుపు తీసినప్పుడు బాడీ చుట్టూ కనిపించే మందపాటిది ప్రధానమైనది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే రెండు భాగాలుంటాయి. ఒకటి ‘యు’ ఆకారపు పట్టు, దాని లోపల సన్నటి ఇనప ముక్కల వరుస ఉంటుంది. బాడీ రేకు అంచుని కరిచి పట్టుకునేది అదే. రెండోది ఆ పట్టుకి అతికి ఉన్న బోలు గొట్టం, స్పాంజిలా మెత్తగా ఉంటుంది. తలుపు వేస్తే ఈ గొట్టం నలిగి సందుని మూస్తుంది. గొట్టం మీద అక్కడక్కడ చిన్న చిల్లులుంటాయి. అవి చిరుగులు కావు, నలిగినప్పుడు లోపలి గాలి పోయే దారులు. ఒకాయన వాటిని సిలికాన్ పెట్టి మూసేసి, తలుపు పడట్లేదని తిట్టుకోవడం నేను స్వయంగా చూశాను.

ఇవి కాక అద్దం పైకీ కిందికీ జారే గాడిలో ఒక రబ్బరు, అద్దం తలుపులోకి దిగే చోట లోపలా బయటా చెరో బీడింగ్ ఉంటాయి. ఈ బయటి బీడింగ్ నీటిని పూర్తిగా ఆపదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీనితో పని ఉంది.

పాత గుడ్డ టాప్ జీపులకి ఈ బాధ ఉండేది కాదు. వాన పడితే నీళ్లు లోపలికి వస్తాయని అందరికీ తెలుసు, ఫ్లోరులో బిరడా తీస్తే కిందికి పోయేవి. తలుపులూ కార్పెట్లూ వచ్చాకే నీళ్లు దాక్కోవడం నేర్చాయి.

మన దగ్గర రబ్బరు ఎలా చస్తుంది

ఈ రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరుతో చేస్తారు. సహజ రబ్బరు అణువుల గొలుసు పొడవునా డబుల్ బాండ్లుంటాయి. గాలిలోని ఓజోన్ వాటిని పట్టుకుని తెంపుతుంది, పైన సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఈపీడీఎంలో అసలు గొలుసుకి డబుల్ బాండ్లు లేవు, పక్క కొమ్మలకే ఉంటాయి. అందుకే ఎండకీ ఓజోన్‌కీ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. దాని బలహీనత వేరు. నూనె, గ్రీజు, పెట్రోలు, డీజిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తలుపు కిర్రుమంటోందని ఇంజన్ ఆయిల్ రాసేవాళ్లు, మెరుస్తుందని వ్యాజలైన్ రాసేవాళ్లు దానికి మంచి చేయట్లేదన్నమాట. రాయాలనుకుంటే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి.

రెండో చావు, నలిగిపోవడం. ఏళ్ల తరబడి తలుపు మూసే ఉంటుంది కాబట్టి గొట్టం అలా అణిగే అలవాటైపోయి, తలుపు తీసినా లేవదు. చూడ్డానికి చిరుగు ఉండదు, పగులు ఉండదు, కానీ పనిచేయదు. ఫోన్ బ్యాటరీ హెల్త్ లాంటిదే, పైకి కనిపించదు.

మూడోది దివిసీమ ప్రత్యేకం. రబ్బరు కన్నా ముందు, అది కరిచి పట్టుకున్న రేకు పోతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ ‘యు’ గాడిలో చేరి తేమని పట్టి ఉంచుతుంది. ఎండ అక్కడికి పోదు. పైగా మా వైపు చాలా బోర్లలో ఉప్పునీరే. శుభ్రం చేస్తున్నామనుకుంటూ ఆ నీళ్లతోనే బండి కడుగుతాం. కడిగిన ప్రతిసారీ గాడిలో కాస్త ఉప్పు దాచిపెట్టినట్టే. కాలవ నీళ్లో పంచాయతీ కుళాయి నీళ్లో అయితే మేలు.

ఫోనుతో చేసే పరీక్షలు

ముందు తలుపు తెరిచి, హ్యాండిల్ పట్టుకుని పైకెత్తి చూడండి. గడగడ కదిలితే కీళ్లు అరిగాయని అర్థం. అలాంటి తలుపు వేలాడుతూ ఉంటుంది, ఎంత కొత్త రబ్బరు వేసినా పైన ఒకవైపు సందు ఉంటుంది. అప్పుడు కీళ్ల పనే ముందు.

రాత్రి చీకట్లో ఒకరు లోపల కూర్చోండి. ఇంకొకరు బయట ఫోన్ టార్చ్‌ని తలుపు అంచుకి ఆనించి నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. వెలుగు కనిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మాకు ఎడమ తలుపు పై మూలలో సన్నటి గీత కనిపించింది. కుడివైపు, అంటే డ్రైవర్ వైపు, కింద గడప దగ్గర రబ్బరు ఎక్కి దిగే కాళ్లకి నలిగి చిరిగే పోయింది. అక్కడ టార్చ్ కూడా అక్కర్లేదు.

వెలుగు రాకపోయినా నీళ్లు రావొచ్చు. అందుకే కాగితం పరీక్ష. నోటు పుస్తకంలోంచి పొడవాటి ముక్క చింపి, తలుపులో పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే సరే, జారిపోతే అక్కడ పట్టు లేదు. చుట్టూ జానెడుకొకసారి ఇలా చేయాలి. విసుగ్గానే ఉంటుంది, కానీ నాకు ఎక్కువ నిజం చెప్పింది ఇదే.

సౌండ్ మీటర్ యాప్ గురించి చాలామంది అడుగుతారు. పెట్టి చూడండి, తప్పులేదు. మామూలు వాయిస్ రికార్డర్ మాత్రం వాడొద్దు. అది శబ్దం తగ్గితే తనే పెంచేస్తుంది, పోలిక పనికిరాదు. ఒకే రోడ్డు, ఒకే స్పీడు, అద్దాలన్నీ మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి ముందూ తర్వాతా కొలవాలి. నేను 216వ జాతీయ రహదారి మీద పెనుమూడి వంతెన వైపు వెళ్తూ కొలిచాను. రబ్బరు మార్చాక గాలి ఈల పోయింది గానీ, మీటరులో పెద్ద తేడా రాలేదు. డీజిల్ ఇంజనూ టైర్లూ చేసే గోల ముందు రబ్బరు వాటా ఎంత? దీని కోసమే రబ్బరు మార్చేవాళ్లు కాస్త ఆశ తగ్గించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ల పరీక్ష. నేను ఎగ్గొట్టింది కూడా ఇదే. ఒకరు లోపల టార్చ్‌తో, ఇంకొకరు బయట పైపుతో ఉండాలి. కింద గడప దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు పోస్తూ పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా జారి, ఎక్కడ దూరాయో తెలియదు. లోపలి గడప మీదా తలుపు ప్యాడ్ కిందా టిష్యూ పేపర్ పరవండి. ముందు ఏ పేపర్ తడిసిందో ఫోన్ వీడియోలో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

కొనడం

ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ రబ్బరు అడగడం సులువైన దారి. మూలల దగ్గర వంపు సరిగ్గా కూర్చుంటుంది. పాత మోడల్‌కి దొరకకపోతే మీటర్ల లెక్కన అమ్మే చుట్ట కొనాలి. విజయవాడ ఆటోనగర్‌లో రకరకాలవి ఉంటాయి కాబట్టే అక్కడ తప్పు కొనడం కూడా సులువు.

పాత రబ్బరు పైమూల నుంచి వేలెడు ముక్క కోసి జేబులో వేసుకెళ్లండి. పైభాగం పెద్దగా నలగదు కాబట్టి అసలు ఆకారం అక్కడే మిగిలి ఉంటుంది. దాని పక్కన స్కేలు పెట్టి ఫోన్ మాక్రో మోడ్‌లో ఒక ఫొటో తీసుకోండి. చూడాల్సినవి మూడు: ‘యు’ పట్టు ఎంత మందం రేకుని పట్టుకుంటుంది, గొట్టం వ్యాసం ఎంత, గొట్టం పట్టుకి పక్కన ఉందా నెత్తిన ఉందా. రేకు అంచు మందం వెర్నియర్ కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలవాలి, రేకులు కలిసిన చోట ఎక్కువ వస్తుంది. గొట్టం పెద్దదైతే ఇంకా బాగా ఆపుతుందనుకోవద్దు. తలుపు వేసినప్పుడు సుమారు మూడో వంతు నలిగితే చాలు. మరీ లావైతే తలుపే పడదు, బలవంతంగా వేస్తే లాక్ మీద భారం.

షాపులో ముక్కని మడిచి గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పూర్వపు ఆకారానికి రావాలి, మడత మీద గీత పడకూడదు. వేలికి నల్లగా అంటుకుంటే వద్దనేయండి.

పాతది తీశాక

పాత రబ్బరు చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఆ తర్వాత కనిపించే దృశ్యానికి మాత్రం సిద్ధపడండి. మా బండికి గడప పొడవునా రేకు అంచు పొరలు పొరలుగా లేచింది. వరి పొట్టు, చెరువు బురద, ఉప్పు కలిసి గాడిలో గడ్డకట్టాయి. దీని మీదే కొత్త రబ్బరు తొడిగేయడం తేలిక, చాలామంది చేసేదీ అదే. కొత్త రబ్బరు ఆ తుప్పుని దాచి, తడిని ఇంకా బాగా పట్టి ఉంచుతుంది. ఏడాదికల్లా కరిచి పట్టుకోవడానికి అంచే మిగలదు.

అందుకే ఒక రోజు మొత్తం ఈ పనికే పెట్టుకోండి. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వైర్ బ్రష్, తర్వాత ఎమెరీ పేపర్ వేసి మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. మూలల్లో మిగిలిన దానికి రస్ట్ కన్వర్టర్ పూస్తే నల్లగా మారి గట్టిపడుతుంది. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆపైన పెయింటు. రెండు రోజులు తలుపులు తెరిచి నీడలో ఉంచాం. మేలో చేశాం కాబట్టి సరిపోయింది, తుపాన్ల రోజుల్లో అయితే పెయింటు ఆరేలోపే ఇంకో వాన. సిలికాన్ స్ప్రే ఏదైనా ఉంటే పెయింటు పని పూర్తయ్యేదాకా దూరంగా పెట్టండి. రేకు మీద కాస్త పడినా పెయింటు చేపకళ్లలా గుంటలు పడుతుంది.

ఫ్లోరులో కన్నం పడిన చోట మాత్రం నేను వేలు పెట్టలేదు. టింకరింగ్ మేస్త్రి కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేశాడు. చాలా బళ్లలో గడప పక్కన కార్పెట్ కిందే వైరింగ్ వెళ్తుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగ విప్పించడం, ఆ వైర్లు పక్కకి జరపడం మీరే దగ్గరుండి చూసుకోండి.

బిగించడం

తొడిగేటప్పుడు అతుకు కింద గడప మధ్యలో వచ్చేలా మొదలుపెట్టండి. పై అంచులో అతుకు పెడితే కారే నీళ్లన్నీ దాని మీదుగానే వెళ్తాయి. అరచేత్తో కొట్టుకుంటూ వెళ్లాలి, కావాలంటే రబ్బరు సుత్తి. ఇనప సుత్తి వద్దు, లోపలి ఇనప ముక్కలు వంగితే పట్టు పోతుంది.

ఎట్టి పరిస్థితిలోనూ సాగదీయొద్దు. సాగిన రబ్బరు నాలుగు రోజుల్లో వెనక్కి ముడుచుకుని మూలల్లోంచి లేచొస్తుంది. మూలల దగ్గర రబ్బరుని లోపలికి తోస్తూ కాస్త ఎక్కువే ఇవ్వండి. చివరికి వచ్చాక ఒక సెంటీమీటరు అదనంగా ఉంచి కోసి, రెండు కొసలూ ఎదురెదురుగా నొక్కి ఫెవిక్విక్‌తో అతికించాలి. లోపల ఇనుము ఉంది కాబట్టి బ్లేడుతో తెగదు, కట్టింగ్ ప్లేయర్ కావాలి.

బిగించాక తలుపు గట్టిగా వేస్తే తప్ప పడదు. ఇంట్లో వాళ్లు "ఏం చేశావురా దీన్ని" అంటారు. కంగారుపడి లాక్ కొక్కెం జరపొద్దు. రబ్బరు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోపు ఒక అద్దం కొద్దిగా దించి తలుపు వేస్తే తేలిగ్గా పడుతుంది. లోపలి గాలి పోవడానికి దారి లేకే అది అడ్డుపడేది. అప్పటికీ సరిపోకపోతే కొక్కెం చుట్టూ పెన్సిల్ గీత గీసి ఒక మిల్లీమీటరు జరపండి.

అయినా నీళ్లొచ్చాయి

ఇంత చేసి, జూన్‌లో మొదటి గట్టి వానకి కార్పెట్ ఎత్తి చూశాను. కుడివైపు పొడి. ఎడమవైపు మళ్లీ తడి. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

అప్పుడు చేశాను, మొదట్లో చేయాల్సిన నీళ్ల పరీక్ష. కొత్త రబ్బరు దగ్గర చుక్క రాలేదు. పైపు అద్దం మీదికి రాగానే తలుపు ప్యాడ్ అడుగునుంచి నీళ్లు కారి, రబ్బరుకి లోపలి వైపున, నేరుగా కార్పెట్ మీద పడ్డాయి. ప్యాడ్ విప్పితే విషయం బయటపడింది.

అద్దం పక్క బీడింగ్ నీటిని పూర్తిగా ఆపదని చెప్పాను కదా. తలుపు లోపల తడవడం సహజమే, దాన్ని అలాగే తయారుచేస్తారు. లోపలికొచ్చిన నీళ్లు అడుగున ఉన్న చిల్లుల్లోంచి రోడ్డు మీదికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్ వైపు రాకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. మా తలుపులో ఆ షీటు మధ్యలో పెద్ద గుండ్రటి కన్నం. నాలుగేళ్ల కిందట మ్యూజిక్ సిస్టమ్ పెడుతూ, స్పీకర్ వైరు పట్టట్లేదని కత్తెరతో నేనే కోశాను. అడుగు చిల్లులు కూడా పొట్టూ మట్టీ పట్టి మూసుకుపోయాయి.

"పాటలు వినడానికి బండికి కన్నం పెట్టావా రా" అన్నారు నాన్న. కోపంగా కాదు, నవ్వుతూ.

సరిచేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. చీపురుపుల్లతో చిల్లులు తీశాం. మందపాటి ప్లాస్టిక్ షీటుని పాతదాని కొలతకి కోసి, చుట్టూ బ్యూటైల్ టేపుతో అతికించాం. షీటు కింది అంచు తలుపు లోపలికి దూరాలి, బయటికి వేలాడితే నీళ్లు మళ్లీ ప్యాడ్ మీదికే. స్పీకర్ వెనక ప్లాస్టిక్ గొడుగు లాంటి కవరు పెట్టాను. డోర్ స్పీకర్లు తర్వాత వేయించిన బండి ఎవరిదైనా సరే, రబ్బరు కొనేముందు ప్యాడ్ ఒక్కసారి విప్పి చూడండి. కొత్త రబ్బరు వృథా కాలేదు, గడప చిరుగూ పైమూల సందూ నిజమైనవే. కానీ ఫ్లోరుని తినేసింది మాత్రం షీటు కన్నం.

ఇంకొక్క మాట. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట. బండి తలుపు రబ్బరుకి అలాంటి హామీ ఏదీ ఉండదు, అది వానకీ చిమ్మే నీళ్లకీ దుమ్ముకీ మాత్రమే. వరదనీళ్లు గడప దాటితే రబ్బరు ఎంత కొత్తదైనా లోపలికొస్తాయి. పైగా తలుపులు గట్టిగా మూసుకున్న బండి నీళ్లలో పడవలా తేలడం మొదలుపెడుతుంది. టైర్లకి నేల పట్టు పోయి ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, దివిసీమ లంక ఊళ్లలోకి నీళ్లు చేరినప్పుడు నాన్న బొలెరోని కరకట్ట మీదే ఆపేశారు. అప్పటికి ఆర్‌సీ రెన్యువల్ అయి నెల దాటింది. వాన వెలిశాక ఎడమవైపు కార్పెట్ కింద నేను పరిచిన టిష్యూ పేపర్ తీసి చూశాను, పొడిగా ఉంది. వెనక తలుపు రబ్బరు ఇంకా పాతదే. దాని పైమూలలో రాత్రిపూట టార్చ్ వెలుగు కనిపిస్తోంది, వచ్చే మేలో దాని సంగతి చూడాలి.